వంగిన నడుముకు ఎంత పర్సంటేజీ

పోయిన నెల మా పెద్దమ్మను సదరం క్యాంపుకు, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇచ్చే కాడికి, తోల్కపోయిన. నేను పోయేసరికే తానం చేసి, పండుగలకు కట్టే నీలం చీర కట్టుకొని, ఆధార్ కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు బుక్కు, పాత ఎక్స్‌రేలు అన్ని ఒక కవర్ల పెట్టుకొని గడప మీద కూసున్నది. మాది నల్లగొండ జిల్లా మునుగోడు దిక్కు ఊరు. ఈ దిక్కు పుట్టినోళ్లకు మా పెద్దమ్మ ఎట్లుంటదో చెప్పే పని లేదు, తెల్వనోళ్ల కోసం చెప్తున్న. అరవై దాటినయ్, ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి మెడ పట్టేసి ఎన్ని ఏండ్లయిందో ఆమెకే గుర్తు లేదు, ఎవలన్న పక్కనుంచి పిలిస్తే మెడ తిప్పదు, మొత్తం మనిషే తిరుగుతది. కింద కూసుంటే లేవనీకి గోడ కావాలె. ఎనకకు చేతులు పోవు కాబట్టి జడ కోడలే ఏస్తది.

క్యాంపుల మా నంబరు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరు చేతులు పైకెత్తమన్నడు, నిటారుగ నిలబడమన్నడు, వంగమన్నడు. మా పెద్దమ్మ ఏం చేసిందంటే, టేబుల్ అంచు పట్టుకొని, పళ్లు బిగబట్టి, ఇంట్ల నేను ఎప్పుడు చూడనంత నిటారుగ నిలబడ్డది. చేతులు చెవుల దాకా లేపింది, అవి వణుకుతున్నయ్ గని లేపింది. రెండు నిమిషాలల్ల అయిపోయింది. తర్వాత చూస్తే వైకల్యం 36 శాతం అని వచ్చింది. 40 ఉంటేనే వికలాంగుల పింఛను. బస్సుల అడిగిన, ఇంట్ల అంత లేవలేవు కదా పెద్దమ్మా, అక్కడెందుకు లేచినవ్ అని. "అంత పెద్ద డాక్టరు ముంగట వంగి నిలబడితే ఏమనుకుంటడు బిడ్డా" అన్నది.

ఆ డాక్టరును నేను తప్పు పడుతలేను, బయట ఇంకా అంత మంది కూసొని ఉన్నరు, ఆయన మాత్రం ఏం చేస్తడు. కాని ఆ దినం నుంచి ఒకటే ఆలోచన. ప్రజలు ఓట్లేసి పెట్టుకున్న సర్కారు ఆ ప్రజల కనీస అవసరాలు, అంటే తాగే నీళ్లు, తిండి, పని చేయలేనప్పుడు ఇంత ఆసరా, ఇవి ఎంత మంచిగ చూస్తది అని ఎవలన్న అడిగితే నాకు మా జిల్లా తప్ప ఇంకోటి గుర్తుకు రాదు. మా జిల్లాల ఈ ప్రశ్నకు జవాబు మనుషుల ఎముకలల్ల ఉంది.

ఫ్లోరైడ్ సంగతి జర చెప్పాలె. మా దిక్కు అంతా గ్రానైటు రాయి, ఆ రాళ్లల్ల ఉన్న ఫ్లోరైడ్ భూమిల నీళ్లల్ల కలుస్తది. లీటరు నీళ్లల్ల 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు బోర్లల్ల దానికి ఎన్నో రెట్లు ఉండె. వానలు తక్కువ, బావులు ఎండిపోయినయ్, బోర్లు ఏసిన్రు, అవి ఎండితే ఇంకా లోతుకు ఏసిన్రు, గట్ల లోతుకు పోయినకొద్ది ఆ విషం ఇంకా ఎక్కువ తాగినం. ఇది కలరా లెక్క ఒక్క రాత్రిల మనిషిని తీస్కపోదు. చిన్నప్పుడు పళ్ల మీద గోధుమ రంగు చారలు పడ్తయ్, తర్వాత కీళ్లు నొస్తయ్, అందరు పని చేసి చేసి నొస్తున్నయ్ అనుకుంటరు, ఆఖరికి ఎన్నుపూస కట్టె లెక్క బిగుసుకపోతది. పాలు, ఆకుకూరలు మంచిగ తినేటోళ్లకు జర తక్కువ, గొడ్డు కారం తిని కూలికి పోయేటోళ్లకు ఎక్కువ. ఎముక ఒక్కసారి గట్లయితే మళ్ల ఎనకకు రాదు, మందు లేదు.

ఆర్థికవేత్త అమర్త్యసేన్ చెప్పిన మాట ఒకటి చాలా మందికి తెలుసు, ఎన్నికలు, స్వేచ్ఛగ రాసే పేపర్లు ఉన్న దేశంల పెద్ద కరువు చావులు రావు అని. 1943ల బెంగాల్‌ల లక్షల మంది ఆకలితో సచ్చిన్రు, అప్పుడు బ్రిటిషోళ్ల పాలన, ఓటుతోని దించేస్తరు అన్న భయం వాళ్లకు లేదు. స్వతంత్రం వచ్చినంక గసొంటి కరువు రాలేదు. కాని ఆయననే ఇంకో మాట కూడ అన్నడు, దినదినం సగం కడుపుతోని బతికే ఆకలి, సప్పుడు చేయని బాధ, దాన్ని ఆపనీకి మన ప్రజాస్వామ్యం అంత గట్టిగ పని చేయలేదు అని. నాకు ఇది మా ఊరి గురించే చెప్పినట్టు అనిపిస్తది. వరద వస్తే మంత్రి హెలికాప్టరుల వస్తడు, టీవీలోళ్లు వస్తరు, తెల్లారే సరికి నష్టపరిహారం ప్రకటిస్తరు. నడుము ఏడాదికి ఇంత చొప్పున ఇరవై ఏండ్లు వంగితే ఏ దినం పేపర్ల ఎయ్యాలె?

మా జిల్లాల నీళ్లు లేక గాదు ఇదంతా, అదే నాకు మింగుడు పడదు. నాగార్జునసాగర్ మా జిల్లాలనే కట్టిన్రు, 1955 డిసెంబరుల నెహ్రూ వచ్చి పునాది రాయేసిండు, 1967ల ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లిడిచింది. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ దిక్కు పచ్చగయినయ్. మాది మెట్ట, పైన ఉంటది, నీళ్లు ఎక్కియ్యాలె. ఎక్కియ్యలే. 2004 నుంచి కృష్ణా నీళ్లు కోదండాపూర్ మీదికెళ్లి పెద్ద పైపులల్ల హైదరాబాదుకు పోతున్నయ్. హైదరాబాదోళ్లు తాగొద్దని నేను అంటలేను, వాళ్లు మనోళ్లే, మా ఊరి సగం మంది అక్కడనే బతుకుతున్నరు. కాని మా జిల్లాకెళ్లి పోయే నీళ్లు మా జిల్లా ఊర్లన్నిటికి రానీకి ఇంకా పన్నెండేండ్లకు ఎక్కువనే పట్టింది.

ఇగ 1996 సంగతి. ఇది మా జిల్లా పిల్లలకు బడిల చెప్పాలె, ఎవలు చెప్తలేరు. ఆ ఏడు నల్లగొండ ఎంపీ సీటుకు 480 మంది పోటీ చేసిన్రు. నిజంగనే నాలుగు వందల ఎనభై. జల సాధన సమితి పిలుపు మీద, మా ఫ్లోరైడ్ గోస, సాగునీళ్ల గోస దేశానికి ఎరుక కావాలని మామూలు మనుషులు నామినేషన్లు ఏసిన్రు. అన్ని పేర్లకు, అన్ని గుర్తులకు బ్యాలెట్ తయారు చేసుడే ఎలక్షనోళ్లకు పెద్ద పనైంది. గెలవనీకి ఏయలేదు వాళ్లు, సప్పుడు లేని బాధకు సప్పుడు తేనీకి ఏసిన్రు. ధర్నాలు చేసి చేసి, అర్జీలు పెట్టి పెట్టి, ఎవలు పట్టించుకోకపోతే ఓటు పెట్టెనే అర్జీ పెట్టె చేసిన్రు. 2019ల నిజామాబాద్ పసుపు రైతులు కూడ ఇదే తొవ్వ పట్టిన్రు, అప్పుడు 185 మంది అభ్యర్థులు.

1948 నవంబరుల రాజ్యాంగ సభల అంబేద్కర్ చెప్పిన మాట గుర్తొస్తది నాకు. ప్రజల పోషణ, ఆరోగ్యం చూసుడు రాజ్యం బాధ్యత అని రాజ్యాంగంల 47వ అధికరణం ఉంది, కాని ఆదేశిక సూత్రాలు కాబట్టి అవి అమలు చేయలేదని కోర్టుకు పోలేము. దానికి ఆయన ఏమన్నడంటే, కోర్టుల జవాబు చెప్పకున్నా ఎన్నికలప్పుడు ఓటర్ల ముంగట జవాబు చెప్పాల్సిందే అని. మా వాళ్లు 480 మంది అక్షరాల అదే చేసిన్రు, ఎన్నికల దినం జవాబు అడిగిన్రు. మరి ఫస్టు వచ్చిన జవాబు ఏంది? నీళ్లు కాదు. అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభకు పోటీ చేసేటోళ్ల డిపాజిట్‌ను 500 నుంచి 10,000 చేసిన్రు. అంత మంది నిలబడితే ఎన్నిక నడుపుడు కష్టమే, ఒప్పుకుంట. కాని అంత మంది ఎందుకు నిలబడ్డరో ఆ సంగతికి జవాబు అంత జల్ది రాలేదు, అది నాకు ఇప్పటికీ కలుక్కుమంటది.

నీళ్లు వచ్చినయ్ లెండి, ఆలస్యమైనా వచ్చినయ్. తెలంగాణ వచ్చినంక 2015ల ఇంటింటికి నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ (శిలాస్తంభం) అప్పటి మా జిల్లా చౌటుప్పల్‌లనే పెట్టిన్రు, తర్వాత తర్వాత పైపులు పడి మా ఊర్ల నల్లాలకు కృష్ణా నీళ్లు వచ్చినయ్. ఎవల పార్టీ అన్నది పక్కన పెట్టి చెప్తున్న, ఇది మామూలు పని కాదు. మా అక్క బిడ్డ ఇప్పుడు మూడో తరగతి. మొన్న ఊరికి పోయినప్పుడు నోరు తెరువమన్న, పాల పళ్లు ఊడి ముందు కొత్తయి వచ్చినయ్. దగ్గరికి పోయి వెలుగుల చూసిన, అంచులు గరుకుగ, సల్లటి తెలుపు, ఒక్క చార లేదు. అదే ఇంట్ల మా అక్క నవ్వితే ఇప్పటికీ చెయ్యి అడ్డం పెట్టుకుంటది. ఒక్క ఇంట్ల, ఒక్క తరం తేడా. సర్కారు తల్చుకుంటే ఏమైతదో అంటే నేను ఆ పిల్ల పళ్లు చూపిస్త, సర్కారు ఆలస్యం చేస్తే ఏమైతదో అంటే మా అక్కను, మా పెద్దమ్మను చూపిస్త.

అయినా మా ఊర్ల చానా ఇండ్లల్ల నల్లా నీళ్లు బోళ్లు తోమనీకి, బట్టలకు, తాగనీకి మాత్రం ప్లాంటు నీళ్ల క్యాను. బ్లీచింగ్ వాసన వస్తది అంటరు, ఎప్పుడొస్తయో తెల్వది అంటరు, మోటరు కాలిపోతే నాలుగు దినాలు దిక్కుండది అంటరు. నేను అయితే ఇంకోటి అనుకుంట, ఏండ్లకేండ్లు విషం తాపిచ్చిన తర్వాత ఒక్క పైపు ఏసి నమ్ము అంటే మనిషి అంత జల్ది నమ్మడు. ఆ నమ్మకం కూడ కట్టాలె, దానికి ఊర్లె నీళ్లు టెస్టు చేసి ఆ రిజల్టు పంచాయతీ గోడ మీద రాయాలె, అందరికి కనవడేటట్టు.

పింఛన్ల సంగతి కూడ గంతే. ముసలోళ్లకు, భర్త పోయినోళ్లకు 2014 దాకా నెలకు 200 రూపాయలు ఉండె, అది 1,000 అయింది, 2019ల 2,016 రూపాయలు అయింది, వికలాంగులకు అప్పుడు 3,016, 2023ల 4,016 రూపాయలు. పెద్దనాయిన పోయినంక మా పెద్దమ్మకు 2,016 రూపాయలు వస్తయ్, దాంతోని మందులు, చాయిపత్త, మనుమరాలికి పది రూపాయలు. కొడుకు ముంగట చెయ్యి చాపే పని లేదు, ఇంట్ల ఆమె మాటకు ఇజ్జత్ ఉంది. రెండు వేలు ఏమైతయ్, ఊకెనే పంచుతున్నరు అనేటోళ్లు మా పెద్దమ్మతోని ఒక్క నెల ఉండాలె. కాని మా ఊర్ల ఎవలను అడిగినా "ఆయన ఇచ్చిండు, ఈయన ఇచ్చిండు" అంటరు. రెండు రూపాయల బియ్యం ఎన్టీఆర్ ఇచ్చిండు, పింఛను కేసీఆర్ ఇచ్చిండు, సన్నబియ్యం రేవంత్ రెడ్డి ఇచ్చిండు. మంచి చేసినోళ్లను తలుసుకునుడు మన మర్యాద, దాన్ని నేను కాదనను. బాధ ఎక్కడంటే, ఇచ్చిండు అనుకున్నోళ్లు ఇయ్యకపోతే అడగరు. డాక్టరు ముంగట నిటారుగ నిలబడ్డ మా పెద్దమ్మది అదే సంగతి. ఆమె తన హక్కు కోసం పోలేదు, పెద్దోళ్ల ముంగటికి పోయింది, పెద్దోళ్ల ముంగట వంగి నిలబడొద్దు అని తన బాధను దాచుకున్నది.

మరి సర్కారు బాధ్యత ఏంది ఇక్కడ? ఫ్లోరైడ్ ఏ ఊర్ల ఎంత ఉండెనో వాళ్ల దగ్గర ఏండ్ల లెక్కలున్నయ్. ఎవలెవలు ఆ బోర్ల నీళ్లు తాగి పెరిగిన్రో ఓటరు లిస్టు చూస్తే తెలుస్తది. వాళ్ల ఇంటికే వచ్చి, పొద్దుగాల మంచంల నుంచి లేచేటప్పుడు చూసి రాస్తే పర్సంటేజీ సక్కగ వస్తది. బోరు ఏసింది సర్కారే, అవే తాగమన్నది సర్కారే, ఇప్పుడు ఆ నడుము ఎంత వంగిందో రుజువు చేసుకునే పని మాత్రం ముసలామెది.

మళ్ల అప్లై చేసిన. మీసేవ పిల్లగాడు స్లాట్లు ఓపెన్ అయితే ఫోన్ చేస్త అన్నడు. మొన్న పెద్దమ్మనే ఫోన్ చేసి అడిగింది, "ఈసారి ఎట్ల నిలబడాలె బిడ్డా, లెవ్వనట్టే ఉండాల్నా? అబద్ధం ఆడినట్టయితదేమో" అని. అబద్ధం కాదు పెద్దమ్మా, ఇంట్ల ఎట్లుంటవో గట్లనే ఉండు, జడ కూడ కోడలే ఏసిందని చెప్పు అన్న. సరే అన్నది. స్లాటు ఇంకా పడలే.