ఇంటర్వెల్‌లో ఒక మాట, ఇంటికొచ్చాక ఒక మాట: 2025 సినిమా నోట్‌బుక్

సినిమా చూసొచ్చి నాలుగు ముక్కలు రాసుకోవడం నాకు పాత అలవాటే. ఈ ఏడాది జనవరి నుంచి పద్ధతి మార్చాను. అంతకు ముందు అయిదుకి ఇంత అని ఓ అంకె వేసి ఊరుకునేవాణ్ణి. తర్వాత ఎప్పుడో తిరగేస్తే అన్నీ రెండున్నరకీ మూడుంబావుకీ మధ్యే ఉండేవి, ఆ అంకె చూసి ఒక్క సీనూ గుర్తొచ్చేది కాదు. ఇప్పుడు సినిమాకి ఒక పేజీ, పేజీలో మూడు గళ్లు. ఇంటర్వెల్‌లో ఏమనిపించింది, ఇంటికొచ్చాక ఏమనిపించింది, వారం తర్వాత ఏం మిగిలింది. పైన మూల థియేటరు, వరస, టికెట్ ధర.

సరంజామా పెద్దగా ఏమీ లేదు. జేబులో పట్టే నోట్‌బుక్, ఒక బాల్ పెన్ను. ఫోన్‌లో మాత్రం రాయను. ఫోన్ తీస్తే ఎవడో ఒకడు పెట్టిన రివ్యూ కళ్లబడుతుంది, ఇక ఆ మాట నాది కాదు. ఇదివరకైతే చింపిన టికెట్ ముక్క వెనకాలే రాసేవాళ్లం, ఇప్పుడు అదీ లేదు, అంతా క్యూఆర్ కోడ్. పాప్‌కార్న్ లైన్లో నిలబడి రాస్తే రెండు వాక్యాలకు మించి పడవు. అంతే చాలు కూడా.

జనవరి

పండక్కి మూడు పెద్ద సినిమాలు. 10న గేమ్ ఛేంజర్, 12న డాకు మహారాజ్, 14న సంక్రాంతికి వస్తున్నాం. గేమ్ ఛేంజర్ పేజీలో ఇంటర్వెల్ గడి కంటే రెండో గడే బాగుంది, అది అరుదు. సెకండాఫ్‌లో వచ్చే అప్పన్న ఫ్లాష్‌బ్యాక్ అందుకు కారణం. రామ్ చరణ్, అంజలి ఇద్దరూ ఆ కాసేపూ సినిమాని భుజాన వేసుకున్నారు. అది అయిపోగానే మళ్లీ ఐఏఎస్ ఆఫీసరూ, మంత్రీ ఎత్తుకు పైఎత్తు ఆట. శంకర్ పాత సినిమాలు చూసి పెరిగినవాళ్లకి ఏ ఎత్తు ఎప్పుడు పడుతుందో ముందే తెలిసిపోతుంది. డాకు గురించి ఒక్క మాట చాలు: కెమెరా పనితనం బాలకృష్ణ సినిమాల్లో ఈ మధ్య చూసినవాటికంటే మెరుగు, కథ పాతదే.

సంక్రాంతికి వస్తున్నాం మాత్రం ఇంటిల్లిపాదీ వెళ్లాం. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారు. పండగ వారంలో అయిదారు సీట్లు ఒకే వరసలో కావాలంటే నా దారి ఒకటే, మొదటి వారాంతం వదిలేసి మంగళవారం మ్యాట్నీ పట్టుకోవడం. ఇంటర్వెల్ గడిలో రాసింది 'కడుపు నొప్పి, బుల్లిరాజు'. నవ్వీ నవ్వీ వచ్చిన నొప్పి అది, బుల్లిరాజు హీరో కొడుకు. రెండో గడిలో 'కిడ్నాప్ కథ ఎందుకు పెట్టారో అనిల్ రావిపూడికే తెలియాలి' అని ఉంది. వారం తర్వాత అమ్మకి ఫోన్ చేస్తే, "ఏరా, ఆ బుల్లిరాజు గాడి సినిమా మళ్లీ ఎప్పుడేస్తార్రా?" అంది. కథ ఆవిడకి గుర్తే లేదు, ఆవిడకి అక్కర్లేదు కూడా. మార్చి 1న జీ తెలుగులో వేసినప్పుడు వంటింటి పని ఆపి మరీ చూసింది. నాకు మిగిలింది 'గోదారి గట్టు మీద' పాటలో ఇన్నేళ్ల తర్వాత వినిపించిన రమణ గోగుల గొంతు.

ఫిబ్రవరి

తండేల్. శ్రీకాకుళం నుంచి గుజరాత్ వెళ్లి చేపల వేటకు దిగిన మత్స్యకారులు 2018లో పాకిస్తాన్‌కి పట్టుబడిన ఉదంతం మీద అల్లిన కథ. ఇంటర్వెల్‌లో 'సముద్రం సీన్లు బాగా తీశారు, సాయి పల్లవి చూపుల్లోనే అలక' అని రాశాను. తర్వాతి గంటలో కరాచీ జైలు వచ్చేసరికి మామూలు దేశభక్తి సినిమా అయిపోయింది. ఊళ్లో ఎదురుచూసే ఆడవాళ్ల కథ నడిచినంతసేపూ ఊపిరి ఉంది, జైల్లో కొట్లాటలు మొదలైతే పోయింది. నిజంగా జైల్లో ఉండి వచ్చినవాళ్ల రోజులు ఎలా గడిచి ఉంటాయి? తిండి, ఉత్తరాలు, కాళ్లు చాపుకునే చోటు, ఇవేగా. అవి ఇంకాస్త చూపించి ఉంటే బాగుండేది.

మార్చి

ఈ ఏడాది నోట్‌బుక్‌లో అన్నిటికంటే నిండుగా ఉన్న పేజీ కోర్ట్‌ది. మార్చి 14న వచ్చింది. దర్శకుడు రామ్ జగదీష్‌కి మొదటి సినిమా. విడుదలకు ముందు నిర్మాత నాని, ఇది నచ్చకపోతే తన హిట్ 3 చూడొద్దని స్టేజీ మీద చెప్పాడు. అలాంటి మాటలు ప్రతి ఫంక్షన్‌లోనూ వింటాం కదా అని నేను మొదటివారం కదల్లేదు. రెండోవారం సోమవారం సాయంత్రం వెళ్తే హాలు సగానికి పైగా నిండి ఉంది. సోమవారం సగం హాలంటే మాటలు కాదు.

కథ 2013లో విశాఖలో. ఇంట్లో ఇస్త్రీ, వాచ్‌మన్ లాంటి చిన్నాచితకా పనులు చేసుకునే కుర్రాడు, డబ్బున్నవాళ్ల అమ్మాయి, మధ్యలో పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసు. అమ్మాయి తరఫున పెత్తనం చేసే మంగపతి పాత్రలో శివాజీ. ఈ మనిషి గొంతు పెంచక ముందే భయం వేస్తుంది. ఇంట్లో ఆడపిల్ల వేసుకున్న బట్టల మీద మాట విసిరే చోట, నా ముందు వరసలో కూర్చున్న ఇద్దరు కాలేజీ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇలాంటి పెద్దమనిషి ప్రతి బంధువర్గంలోనూ ఒకడుంటాడు. అందుకే హాల్లో అతను గెలిచినప్పుడల్లా జనం తిట్టుకున్నారు, ఓడినప్పుడు కొట్టిన చప్పట్లు హీరో ఎంట్రీకి కొట్టినట్టున్నాయి.

ఇంటర్వెల్ గడి: 'పాటలు కాస్త తగ్గాలి. కేసు అయిపోయినట్టే ఉంది, ఇక ఏం చేస్తారు?' ఇంటికొచ్చాక: 'చేశారు.' ప్రియదర్శి లాయర్‌గా అడిగే ప్రశ్నలు ఒక్కోటి చిన్నవి. తేదీ ఏంటి, ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు. అరుపుల్లేకుండా ఒక్కో సాక్ష్యం మేకు ఊడదీస్తూ పోయాడు. చివర్లో చట్టం గురించి చెప్పిన మాటలు క్లాసు పాఠంలా సాగాయి, అదొక్కటే నాకు అడ్డం పడింది. సరిగ్గా నాలుగు వారాలకి, ఏప్రిల్ 11న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చేసింది. ఇంట్లో మళ్లీ చూశాను. కోర్టు సీన్లకి హాల్లో వచ్చిన పట్టు టీవీలో రాలేదు. ఫైట్లు ఉన్నవాటికే థియేటర్ కావాలనే మాటని అప్పట్నించి నేను నమ్మను. పక్కన రెండొందల మంది ఊపిరి బిగబట్టి కూర్చోవడం కూడా ఒక సౌండ్ ఎఫెక్టే.

మే, జూన్

హిట్ 3కి 'ఏ' సర్టిఫికెట్. మా అక్క కొడుకు వస్తానంటే గేటు దగ్గర వయసు అడుగుతార్రా అని ఆపేశాను. నిజంగానే అడిగారు, కుటుంబంతో వచ్చినవాళ్లని ఒకరిద్దర్ని వెనక్కి పంపారు. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు బుక్ చేసే ముందు ఆ అక్షరం చూసుకోండి. సినిమా? నెత్తురు ఎక్కువ, పరిశోధన తక్కువ. పోలీసు ఎలా కనిపెట్టాడన్నది నాకు ముఖ్యం, ఎంతమందిని నరికాడన్నది కాదు.

కుబేర జూన్ 20న. నిడివి మూడు గంటలు. సెకండ్ షోకి వెళ్తే బయటపడేసరికి మెట్రో ఉండదు, క్యాబ్ వాడు టికెట్ కంటే ఎక్కువ అడుగుతాడు. అందుకని మూడు గంటలు దాటే సినిమాలన్నీ ఫస్ట్ షోకే అని నియమం పెట్టుకున్నాను. బిచ్చగాళ్లని బినామీలుగా పెట్టి లక్ష కోట్ల వ్యవహారం నడపడం అనే ఊహ తెలుగులో కొత్త. ధనుష్ ఒక్క చోట కూడా హీరోలా నిలబడలేదు, నడకలో కూడా. ఇంటర్వెల్‌లో పేజీ సరిపోలేదు, మార్జిన్లో కూడా రాశాను. ఆ తర్వాత శేఖర్ కమ్ముల కథని ముంబై వీధుల్లో తిప్పి తిప్పి, ముగింపుని మాత్రం ఆదరాబాదరాగా చుట్టేశాడు. నాగార్జున పాత్రలోని ఊగిసలాట వారం తర్వాత కూడా గుర్తుంది. మంచివాడు డబ్బున్నవాడి కొలువులో చేరితే ఏమవుతాడన్నది ధనుష్ కంటే ఆయన మొహంలోనే ఎక్కువ కనిపించింది.

సీట్ల సంగతి

మధ్యలో ఇది చెప్పాలి, చాలామంది అడుగుతారు. తెలంగాణలో మల్టీప్లెక్స్ మామూలు సీటు పన్నుతో కలిపి 295, ఏసీ సింగిల్ స్క్రీన్‌లో పై తరగతి 177. ఇవి గరిష్ఠాలు, పెద్ద సినిమాకి ప్రత్యేక జీవో వస్తే ఇవేవీ వర్తించవు. సెప్టెంబర్ 22 నుంచి వంద లోపు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, వంద దాటితే 18 అలాగే ఉంది. నేను కూర్చునే సీటుకి ఒరిగింది సున్నా.

వరస విషయానికొస్తే, తెర నుంచి లెక్కేసి మూడింట రెండొంతుల దూరంలో, సరిగ్గా మధ్యలో. ఆఖరి వరస ఖరీదైనది కావచ్చు గానీ వెనక గోడకున్న స్పీకరు చెవిలో మోగుతుంది. సింగిల్ స్క్రీన్‌లో బాల్కనీ మొదటి వరసకి ముందు రెయిలింగ్ అడ్డం వస్తుంది, మూడోది తీసుకోండి. త్రీడీకి మరీ పక్క సీట్లు వద్దు, బొమ్మ మసకబారుతుంది. ఇంటి పక్క థియేటరైతే వారం మధ్యలో కౌంటర్లోనే కొనండి, యాప్ వాడికిచ్చే ఫీజుతో టీ వస్తుంది.

జూలై నుంచి సెప్టెంబర్ దాకా

కింగ్‌డమ్ పేజీ చూస్తే నాకే నవ్వొస్తుంది. ఇంటర్వెల్‌లో 'ఇదీ సినిమా అంటే!' అని ఉంది, రెండో గడిలో 'ఏమైంది?' అని. అదే వారం థియేటర్లలో ఉన్న యానిమేషన్ సినిమా మహావతార్ నరసింహకి పెద్ద హీరో లేడు, హడావిడి లేదు. నోటి మాట మీదే నడిచింది. పిల్లలు సీట్ల మీద నిల్చుని గోల చేస్తుంటే ముసలివాళ్లు చేతులు జోడించారు. బొమ్మల్లో అక్కడక్కడ గేమ్ గ్రాఫిక్స్ ఛాయలున్నా ప్రహ్లాదుడి కథకి అవి అడ్డం కాలేదు.

సెప్టెంబర్ 5న లిటిల్ హార్ట్స్. ఓటీటీ కోసం తీసింది థియేటర్లోకి వచ్చింది. ఎంసెట్ లాంగ్ టర్మ్ కోచింగ్, ర్యాంకు రాని కుర్రాడు, తండ్రి ఆశ. హీరో మౌళి మాట విరుపే సగం సినిమా. జోకులు ఫోన్‌లో చూసే రీల్స్ లాగా వచ్చిపోతున్నాయని ఇంటర్వెల్‌లో గొణుక్కున్నాను, తర్వాత అదే ఊపుతో చివరిదాకా లాగేశాడు. నాకు తెలిసి కోచింగ్ చదువుల మీద వచ్చినవాటిలో ఏడుపు లేనిది ఇదే. ఆ మరుసటి వారం మిరాయ్ మామూలు రేట్లకే వేశారు, అందుకు నిర్మాతలకి దణ్ణం. గ్రద్ద ఎపిసోడ్ పెద్ద తెర మీద చూడాల్సిందే.

ఓజీకి ప్రీమియర్ టికెట్ తెలంగాణలో ఎనిమిది వందలు, ఆంధ్రలో వెయ్యి. ఆ ధరకి నేను వెళ్లను, అభిమానులకి అది పండగ, పండక్కి లెక్కలు చూడరు. రేట్లు దిగాక వెళ్లాను. తమన్ నేపథ్య సంగీతానికి సీటు అదిరింది. సుజీత్‌కి పవన్ కళ్యాణ్‌ని ఎలా చూపించాలో బాగా తెలుసు, ఎందుకు చూపిస్తున్నాడో అంతగా పట్టించుకోలేదు. మొదటి గడిలో అన్నీ ఆశ్చర్యార్థకాలే, మూడో గడి ఖాళీ.

ఆ ఖాళీ చూశాకే వెనక్కి తిప్పి అన్ని పేజీలూ పోల్చాను. పెద్ద సినిమాలకి మొదటి గడి నిండి మూడోది ఎండిపోతోంది, చిన్నవాటికి తిరగబడుతోంది. మనవాళ్లు ఇంటర్వెల్ బ్యాంగ్‌ని ముందు రాసుకుని, దాని చుట్టూ కథ అల్లుతున్నారేమోనని నా అనుమానం. బ్యాంగ్ అయ్యాక చెప్పడానికి మిగిలేది విలన్ చావే.

అక్టోబర్ 31, నవంబర్

బాహుబలి రెండు భాగాల్నీ కలిపి మూడు ముప్పావు గంటలకి కుదించారు. 'పచ్చ బొట్టేసిన', 'మనోహరి', 'కన్నా నిదురించరా' లేవు. అవంతిక ప్రేమకథ పోవడం సినిమాకి మేలే. పాటలు పోవడం మాత్రం చేదు. నీళ్లసీసా, బాత్రూమ్ ప్లాను రెండూ ముందే చూసుకుని వెళ్లండి.

నవంబర్ 7న ది గర్ల్‌ఫ్రెండ్. రాహుల్ రవీంద్రన్ తీశాడు. భూమగా రష్మిక, విక్రమ్‌గా దీక్షిత్ శెట్టి. ఇంటర్వెల్‌లో 'నెమ్మది, కానీ లేవాలనిపించట్లేదు' అని రాశాను. విక్రమ్ తల్లిగా రోహిణికి మాటలే లేనంత తక్కువ. ఆ ఇంట్లో ఆవిడ వంచిన తల చూసి భూమకి తన రేపటి రోజు కనిపిస్తుంది. ఆ చోట హాల్లో ఒక్క పాప్‌కార్న్ చప్పుడు లేదు. రష్మిక చేసినవాటిలో నాకు ఇదే పైన. రావు రమేష్ తండ్రి పాత్ర కూడా పైకి ప్రేమగా కనిపిస్తూ మెడ నొక్కే రకమే. విక్రమ్‌ని ఇంకాస్త మనిషిగా చూపించి ఉంటే ఇంకా భయపెట్టేవాడు. బయటికొస్తుంటే ఒకబ్బాయి "మరీ అంత చెడ్డోడా వాడు?" అన్నాడు. పక్కనున్న అమ్మాయి జవాబు చెప్పలేదు, బండి తాళాలు అతని చేతిలోంచి తీసుకుంది.

సంక్రాంతికి మళ్లీ రద్దీ మొదలు. 2026 జనవరి 9న రాజాసాబ్, 12న మన శంకరవరప్రసాద్ గారు. కొత్త నోట్‌బుక్ కొన్నాను, ఈసారి నాలుగో గడి కూడా గీశాను. ముందు వరసల్లో ఫోన్లు ఎన్నో నిమిషానికి వెలిగాయో అందులో రాస్తాను.