డేట్ అనే మాట పట్టుకుని

ఇవాళ చెప్పుకోడానికి పెద్దగా ఏం లేదు, పొద్దున్నుంచీ వాన, ఇంట్లోనే ఉన్నాం. సాయంత్రం మా అమ్మాయి ఇంగ్లీషు హోంవర్క్ చేస్తూ చేస్తూ పెన్ను పక్కన పెట్టేసి "అమ్మా, డేట్ అంటే తారీఖు కదా, మరి ఖర్జూరాన్ని కూడా డేట్ అనే ఎందుకంటారే?" అంది. ఇన్నేళ్ళుగా రోజూ డైరీ పేజీ మీద డేట్ వేస్తున్నదాన్ని, నాకెప్పుడూ ఈ సందేహం రాలేదు. ఇద్దరం డిక్షనరీ ముందేసుకుని కూర్చున్నాం.

తీరా చూస్తే అసలు ఇది ఒక మాట కాదు, రెండు మాటలు, ఫ్రెంచి దారిలో వస్తూ వస్తూ ఒకేలా అరిగిపోయాయి. పండు డేట్ గ్రీకుది. డాక్టులోస్ అంటే వేలు. పండు వేలిలా ఉంటుందనీ, కాదు ఆకులు వేళ్ళలా ఉంటాయనీ రెండు రకాలుగా చెప్తారు. వేలు అనగానే మా అమ్మాయి "టెరోడాక్టిల్‌లో ఉన్నది ఇదేనా?" అని గెంతింది, దానికి డైనోసార్ల కాలం జంతువులంటే ప్రాణం. అదే మరి, రెక్క వేలు అని అర్థం, ఆ జంతువుకి నాలుగో వేలు బాగా పొడుగ్గా సాగి రెక్కని మోస్తుంది. గ్రీకు ఛందస్సులో కూడా డాక్టిల్ అనే గణం ఉంది, ఒక గురువు రెండు లఘువులు, అచ్చం మన భగణం. వేలికి ఒక పొడుగు కణుపు, రెండు పొట్టి కణుపులు ఉంటాయి కదా, అలా వచ్చింది. నా చూపుడువేలు మడిచి చూసుకుంటే నిజమే అనిపించి భలే సంతోషమేసింది.

తారీఖు డేట్ మాత్రం లాటిన్ది, దీని కథే నన్ను రాత్రి దాకా వదల్లేదు. రోమన్లు ఉత్తరం రాశాక చివర్లో "డాటా" అని రాసి ఊరు పేరూ రోజూ వేసేవాళ్ళట, అంటే ఫలానా చోట ఫలానా రోజున ఇవ్వబడినది అని, ఉత్తరం తీసుకెళ్ళేవాడి చేతికి ఇచ్చినట్టన్నమాట. రాను రాను ఆ "ఇచ్చినది" అన్న మాటే రోజుకి పేరైపోయింది. కంప్యూటర్ వాళ్ళ డేటా కూడా ఈ ఇంటిదే. ఇద్దరు ముందే రోజు అనుకుని కలుసుకోడాన్ని డేట్ అనడం మాత్రం ఈమధ్యది, 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో మొదలైంది.

ఇంకో సంగతి, ఆ "డాటా"లో ఉన్న లాటిన్ ధాతువూ సంస్కృతంలో ఇవ్వడం అని అర్థమొచ్చే "దా" ధాతువూ తోబుట్టువులు. ఒకదాన్నుంచి ఇంకొకటి పుట్టలేదు, రెండూ అంతకంటే పాత తల్లి భాష నుంచి వచ్చాయి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ ఒకే మూలం నుంచి వచ్చుండాలని ఇంగ్లీషు పండితుడు విలియం జోన్స్ 1786లో కలకత్తాలో అన్నది ఇలాంటి పోలికలు చూసే. దానం, దాత, దత్తత అని మనం రోజూ అనే మాటలు డేట్‌కి చుట్టాలన్నమాట! ఈ సంగతి చెబుదామని చూస్తే మా అమ్మాయి అప్పటికే నిద్రపోయింది, పుస్తకం అలాగే తెరిచి ఉంది.

అందుకే ఇవాళ పేజీ పైన తారీఖు వెయ్యలేదు, పాత ఉత్తరాల్లోలాగా కింద వేస్తున్నా.

ఇవ్వబడినది: మంగళవారం, రాత్రి 10:40, వాన ఇంకా పడుతోంది.