అష్టాచెమ్మా ఆడే మరచేయి: ఆరు వారాల పని

మొదటి వారం

1942 ఆగస్టులో ఒక అమెరికన్ పత్రికలో ‘వాల్డో’ అనే కథ వచ్చింది. రాసింది రాబర్ట్ హైన్‌లైన్, మారుపేరుతో. అందులో వాల్డో కండరాల్లో సత్తువ లేని మనిషి. బరువు తెలియని అంతరిక్షంలో ఇల్లు కట్టుకుని, చేతికి తొడుగు వేసుకుంటే తన చేయి కదిలినట్టే కదిలే యంత్రపు చేతులు తయారు చేసుకుంటాడు. కొన్ని మనిషి చేయికన్నా ఎన్నో రెట్లు పెద్దవి, కొన్ని మైక్రోస్కోపు కింద పనిచేసేంత చిన్నవి.

తర్వాత కొన్నేళ్లకే షికాగో దగ్గర ఆర్గాన్ లేబొరేటరీలో రేమండ్ గోర్ట్జ్ అలాంటి చేతులు నిజంగానే కట్టారు. రేడియోధార్మిక పదార్థాలను మందపాటి గోడకు ఇవతల నిలబడి పట్టుకోవడానికి అవి. అణు రంగంలో వాటికి వాల్డో అన్న పేరే వాడుకలోకి వచ్చింది.

నేను కడుతున్నది దాని చిన్న రూపం. టేబుల్‌కి ఈ చివర ఒక చేయి, ఆ చివర ఒక చేయి. దీన్ని నేను కదిపితే అది అలాగే కదలాలి. ఆ చేత్తో అష్టాచెమ్మా కాయను ఒక గడిలోంచి తీసి ఇంకో గడిలో పెట్టాలి, అదీ పరీక్ష.

శనివారం మారతహళ్లి నుంచి బెంగళూరులో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్‌పీ రోడ్‌కి వెళ్లాను. అన్నిటినీ నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు, ఆర్డుయినో నానో, 280 రూపాయలు. అవతలి చేయి కీళ్లకు ఎంజీ996ఆర్ సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటార్లు) మూడు, ఒక్కోటి 350. పట్టుకారుకి చిన్న ఎస్‌జీ90 ఒకటి, 110. ఇవతలి చేయి కీళ్లు ఎంత తిరిగాయో చెప్పడానికి 10కె పాట్‌లు (రేడియో వాల్యూమ్ బిరడా లాంటివి) ఆరు, ఒక్కోటి 20. చేతికి 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఇంట్లోనే ఉంది.

కోసేముందు లెక్క వేసుకోవడం మంచిదైంది. ఎంజీ996ఆర్ తిప్పే బలం 4.8 వోల్టుల దగ్గర 9.4 కేజీ-సెంటీమీటర్లు అంటారు, అంటే ఒక సెంటీమీటరు దూరంలో 9.4 కేజీలు. అది ఇక కదలలేక ఆగిపోయే చోటు లెక్క, అందుకే మూడో వంతే నమ్ముకున్నాను. చేయి పొడవు 24 సెంటీమీటర్లు. మోచేతి సర్వో, పట్టుకారు, చెక్క కలిపి భుజం మీద పడే భారమే 2.3 వచ్చింది. కాయ బరువు పది గ్రాములైతే ఇంకో 0.24. సరిపోతుంది. అంతకన్నా పొడుగు చేయి పెట్టుంటే తన బరువు తనే మోయలేకపోయేది.

రెండో వారం

ఇవతలి చేయి మోచేతిని సగం దాకా తిప్పినా అవతలి చేయి కొంచెమే కదిలింది, ఆపైన ఒక్కసారిగా దూకింది. కోడ్‌లో తప్పేమో అని రెండు రాత్రులు వెతికాను. తప్పు పాట్‌లో ఉంది. దాని మీద ఎ10కె అని ఉంది. అది ఆడియో వాల్యూమ్ కోసం చేసింది, తిప్పినంత సమానంగా మారదు. మనకు కావలసింది బి10కె. ఇచ్చిన కొట్టువాళ్లు రెండూ ఒకే డబ్బాలో కలిపేశారు. మీరు కొనేటప్పుడు ఆ అక్షరం చూసుకోండి.

మూడో వారం

రెండు సర్వోలు ఒకేసారి కదిలితే నానో రీసెట్ అయిపోతోంది. యూఎస్‌బీ నుంచి వచ్చే కరెంటు చాలదు, బరువు మీద ఒక్క సర్వోనే రెండు ఆంపియర్లు దాటి లాగుతుంది. 5 వోల్టుల 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే పెట్టె) వేరుగా పెట్టి, నానో గ్రౌండ్‌నీ (నెగటివ్ వైరు) దాని గ్రౌండ్‌నీ కలిపి, సర్వోల పక్కనే కరెంటును కాస్త నిల్వ ఉంచే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేశాను. రీసెట్ అవడం ఆగిపోయింది.

నాలుగో, ఐదో వారాలు

చేయి ఊరికే ఉన్నప్పుడు కూడా చిన్నగా వణుకుతోంది. పాట్ రీడింగ్ 512, 514, 511 అని ఊగుతూ ఉంటుంది, సర్వో ప్రతిదానికీ స్పందిస్తుంది. దీనికి అందరూ చేసేదే చేశాను. కొత్త రీడింగ్‌కీ పాత విలువకీ ఉన్న తేడాలో పదో వంతు మాత్రమే పాత విలువకు కలపడం, సెకనుకు 50 సార్లు. వణుకు ఆగింది.

ఆ వారమే నాన్న తెనాలి నుంచి వచ్చారు. రెండేళ్లుగా ఆయన కుడిచేయి వణుకుతుంది. కాఫీ గ్లాసు సగమే పోయమంటారు. టేబుల్ మీది చేతిని చూసి, “ఏదీ, నేనోసారి పట్టుకోనా తల్లీ?” అన్నారు.

ఇవతల ఆయన చేయి ఎప్పటిలాగే వణుకుతోంది. అవతల చెక్క చేయి నిదానంగా వెళ్లి కాయ మీద ఆగింది. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

తర్వాత ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి లెక్కపెట్టాను. ఆయన వణుకు సెకనుకు దాదాపు ఐదుసార్లు. నేను రీడింగుల కోసం పెట్టిన ఆ పదో వంతు వడపోత అంత వేగంగా వచ్చే ఊపును సుమారు ఆరో వంతుకు తగ్గిస్తుంది. డా విన్చీ ఆపరేషన్ రోబోలో డాక్టర్ చేతి వణుకును వడకట్టే ఏర్పాటు ఉందని చదివాను. నా ప్లైవుడ్ చేతిలో కూడా అదే జరుగుతుందని మాత్రం అనుకోలేదు. వాల్డో కథ నాకు అప్పుడు వేరేగా అర్థమైంది. ఆ చేతులు ముందు బలహీనుడి కోసం పుట్టినవి, ఫ్యాక్టరీ కోసం కాదు.

వడపోతకు ఒక ధర ఉంది, ఆలస్యం. అవతలి చేయి దాదాపు 0.2 సెకన్లు వెనకబడుతుంది. 2001 సెప్టెంబరు 7న జాక్ మారెస్కో న్యూయార్క్‌లో కూర్చుని స్ట్రాస్‌బర్గ్‌లోని పేషెంటుకు రోబోతో పిత్తాశయం తీశారు. అట్లాంటిక్ దాటి వెళ్లి వచ్చిన ఆ ఆలస్యం సగటున 155 మిల్లీసెకన్లు. నాది ఒకే టేబుల్ మీద అంతకన్నా ఎక్కువ! పదో వంతును ఐదో వంతు చేస్తే ఆలస్యం సగమవుతుంది, కానీ నాన్న వణుకు మళ్లీ కనిపిస్తోంది. ఆయన పదో వంతే ఉంచమన్నారు.

ఆరో వారం

గడి 4 సెంటీమీటర్లు, కాయలు చింతపిక్కలు. పది ప్రయత్నాల్లో ఏడుసార్లు కాయ గడిలోనే పడుతోంది. గవ్వలు నాన్నే వేస్తున్నారు, ఎడమచేత్తో.

మిగిలింది స్పర్శ. పట్టుకారు పట్టిందో లేదో ఇవతలి చేతికి తెలియదు, కళ్లతో చూసుకోవాలి. బొరుగు పెడితే నలిగిపోతోంది. గోర్ట్జ్ 1954లో కట్టిన విద్యుత్ చేయి అవతలి ఒత్తిడిని ఇవతలి చేతికి తిరిగి చెప్పేది. నేను ఎస్‌జీ90 వైరులో కరెంటు కొలిచే ఏసీఎస్712 పెట్టి, కరెంటు పెరిగితే పిడిలోని పాత ఫోన్ వైబ్రేషన్ మోటార్ తిరిగేలా చేస్తున్నాను. ప్రస్తుతం పిక్కకు తిరుగుతోంది, బొరుగుకు తిరగడం లేదు.