అది మనకేనా?

నిన్న రాత్రి దిగుతుండగా, కంట్రోలర్ వేరొక విమానానికి ఇచ్చిన ఎత్తును మాకే ఇచ్చారనుకుని, నేను ఏ తడబాటూ లేకుండా రేడియోలో తిరిగి చెప్పాను. రెండు విమానాల కాల్ సైన్లలోనూ, అంటే రేడియోలో పిలిచే పేర్లలోనూ, చివరి రెండంకెలు మాత్రమే తారుమారుగా ఉన్నాయి. పైగా ఆ ఎత్తు కోసమే ఎదురుచూస్తున్నాం కనుక, చెవి తనకు కావలసిందే విన్నది. ఎత్తును అమర్చే నాబ్ మీద కో-పైలట్ వేళ్లు ఆగిపోయాయి. "అది మనకేనా అండీ?" అని అడిగారు.

అవతలి పైలట్ కూడా అదే క్షణంలో జవాబిచ్చి ఉంటే, ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు మాటలూ కలిసిపోయి, కంట్రోలర్‌కు కీచుమనే శబ్దం తప్ప నా పొరపాటు వినిపించేది కాదు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో, టేకాఫ్‌కు ఆగమన్న టవర్ మాట, తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామన్న పాన్‌యామ్ విమానం పైలట్ల మాట ఒకదానిపై ఒకటి పడి, టేకాఫ్ మొదలుపెట్టిన కె.ఎల్.ఎం. విమానం కాక్‌పిట్‌లో అటువంటి కీచుశబ్దంగానే మిగిలాయి. రెండు విమానాలూ ఢీకొని 583 మంది చనిపోయారు. ఆ తర్వాతే 'టేకాఫ్' అనే మాటను అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదన్న నియమం స్థిరపడింది. ఇదంతా నాకు కంఠస్థమే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా.

ఆ ఎత్తు మాకేనా అని కంట్రోలర్‌ను అడిగాను. "కాదు, ఉన్న ఎత్తులోనే కొనసాగండి" అన్నారు కంట్రోలర్, ఈసారి మా కాల్ సైన్ అంకెలను ఒక్కొక్కటిగా విడదీసి పలుకుతూ.