అంబాసిడర్ వెనక 13 మిల్లీమీటర్లు: దొంగ దొరికాడు

మా కారు వెనక ఒక పక్క కిందికి వాలి ఐదు ఆదివారాలుగా నన్ను తిప్పలు పెట్టింది. దాని కారణం నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు దొరికింది. తప్పు కమాన్ పట్టీల్లో (వెనక బరువు మోసే ఉక్కు పట్టీల కట్టల్లో) లేదు!

మాది 1994 అంబాసిడర్, ఏపీ 36 (వరంగల్) బండి. వెనక 50 మిల్లీమీటర్లు దించాలని మొదలుపెట్టాను. బండితో వచ్చిన కట్టలను ముట్టుకోలేదు. నూనె రాసి, గోనెసంచిలో చుట్టి అటకెక్కించాను. రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది కదా, అవసరమైతే మళ్లీ పాత ఎత్తుకు తెచ్చేలా ఉంచుకున్నాను. తుక్కులో కొన్న ఇంకో జతను 20 టన్నుల ప్రెస్‌లో చల్లగానే నొక్కాను. విడిగా వంపు 118 మిల్లీమీటర్ల నుంచి 66కు వచ్చింది, రెండు వైపులా ఒకటే. ఆటోనగర్ మిస్త్రీ ఒకాయన "ఎర్రగా కాల్చి కొడితే పది నిమిషాల పని సార్" అన్నాడు. నేను ఒప్పుకోను. కాలిస్తే టెంపర్ (ఉక్కుకు స్ప్రింగు గుణమిచ్చే గట్టిదనం) పోతుంది. వారం తిరక్కుండానే పట్టీ కూర్చుంటుంది, లేదంటే విరుగుతుంది. బండి ముందు భాగాన్ని టార్షన్ బార్లు (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) తిప్పి ఒక్క పూటలో దించేశాను.

బిగించి దించి చూస్తే, హబ్ నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా క్లీనర్ వైపు (ఎడమ) 352, డ్రైవర్ వైపు 333. అంటే డ్రైవర్ వైపు 19 కిందికి! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు నేల మీద అనుమానం వచ్చింది. ఇల్లు కట్టేటప్పుడు మిస్త్రీలు వాడే నీళ్ల పైపుతో చూస్తే షెడ్డు నేల ఒక పక్కకు వాలి ఉంది. నాలుగు చక్రాల కింద రేకు ముక్కలు పెట్టి మట్టం చేస్తే తేడా 13కు వచ్చి అక్కడే ఆగింది. (టేపుతో కొలిస్తే ప్రతిసారీ రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతోంది. ఈ పనికి స్టీలు స్కేలే మేలు.)

తర్వాత కట్టలనే ఇటువి అటు మార్చాను. దానికి ఒక ఆదివారమంతా పోయింది. తప్పు పట్టీలదే అయితే వాలు క్లీనర్ వైపుకు మారాలి. మారలేదు. డ్రైవర్ వైపే ఇంకా 9 కిందికి ఉంది. మా బావమరిది కాగితం మీద లెక్క కట్టి, "బావా, 13, 9 రెండూ కలిపి సగం చేస్తే 11. అది బాడీది. పట్టీలది రెండే" అన్నాడు. ఆ మాటతో దారి దొరికింది.

బుష్‌లు (పట్టీల చివర బోల్టుల చుట్టూ ఉండే రబ్బర్లు) చూశాను. రెండుసార్లూ నేను క్లీనర్ వైపు షాకిల్ (పట్టీ చివరను బాడీకి తగిలించే లింకు) బోల్టులను చక్రం గాల్లో వేలాడుతుండగానే బిగించాను, డ్రైవర్ వైపువి మాత్రం బండి నేల మీదికి దించాక. గాల్లో బిగిస్తే బండి దిగినప్పుడు రబ్బరు మెలి తిరిగి ఆ పక్కను పైకి పట్టి ఉంచుతుంది. అన్నీ వదులు చేసి, బండిని ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు తోసి, నేల మీదే మళ్లీ బిగించాను. 9 కాస్తా 6 అయింది.

ఆ 6 దగ్గర మూడు రోజులు ఆగిపోయాను. షాక్ అబ్జార్బర్లు మార్చి చూశా, లాభం లేదు. గాబ్రియేల్ కంపెనీవి, కొత్తవే, వాటి తప్పేం లేదు.

నిన్న ముందు భాగాన్ని క్రాస్ మెంబర్ (ముందు చక్రాల మధ్య అడ్డ దూలం) సరిగ్గా నడిమిన ఒక్క జాకీ మీద లేపాను, చక్రాలు నేల వదిలేంత. వెనక చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టాను. ఇప్పుడు ముందు భాగం ఏ పక్కనూ నొక్కదు కదా. వెనక కొలిస్తే తేడా ఒక్క మిల్లీమీటరు, అదీ క్లీనర్ వైపు కిందికి! జాకీ దించితే మళ్లీ 6. నాలుగుసార్లు చేసినా అదే లెక్క.

అంటే ఒక్క పూటలో అయిపోయిందనుకున్న టార్షన్ బారే దొంగ. బండి ముందు భాగంలో క్లీనర్ వైపు బారును ఎక్కువ తిప్పి వదిలాను. ఆ మూల పైకి లేచి, ఎదురు మూల, అంటే డ్రైవర్ వైపు వెనక పట్టీ మీదికి బరువు నెట్టింది. మంచానికి ఒక కోడు పొడుగైనట్టే. వెనక కొలిచినన్ని సార్లలో ఒక్కసారైనా ముందు భాగాన్ని కొలిచి ఉంటే నాలుగు ఆదివారాలు మిగిలేవి.

వచ్చే ఆదివారం ముందు భాగంలో రెండు వైపులా విప్పి, కొలిచి బిగిస్తాను. తర్వాత బంప్ రబ్బర్ల (గుంతల్లో యాక్సిల్ బాడీకి కొట్టుకోకుండా ఆపే రబ్బర్ల) పని. నలుగురు కూర్చుంటే యాక్సిల్‌కూ రబ్బరుకూ మధ్య 31 మిల్లీమీటర్లే మిగులుతోంది. రబ్బరు కొంచెం కోయాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు. ముందు మడికొండ దాకా స్పీడ్ బ్రేకర్ల మీద నెమ్మదిగా నడిపి చూస్తాను. అన్నీ కుదిరితే అమ్మానాన్నలను ఎక్కించుకుని రామప్ప దాకా.