చేతిలో పిండిమిషన్

వారానికి 3 సార్లు, సారికి 4 గంటలు డయాలసిస్. మాది తిరుపతి కొర్లగుంట. ఎడమ మణికట్టు పైన నాకు ఫిస్టులా ఉంది, అంటే ధమనిని సిరతో కలిపి కుట్టిన చోటు. అక్కడ వేలు పెడితే జుయ్యిమని అదురుతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే ఎక్కడో వీధి చివర పిండిమిషన్ ఆడుతున్నట్టే ఉంటుంది. నిద్ర పట్టని రాత్రుల్లో నాకదే తోడు, మా ఆవిడకి మాత్రం చిరాకు.

పోయిన కార్తీకంలో ఆ జుయ్యిమనడం పోయి టక్కు టక్కుమని కొట్టుకోవడం మొదలైంది. గట్టిగా కొట్టుకుంటోంది కదా, బలం వచ్చిందిలే అనుకున్నా, చూడండి నా తెలివి! డయాలసిస్ కోసం అక్కడ గుచ్చిన సూదులు తీశాక పది నిమిషాల్లో ఆగే రక్తం అరగంటైనా ఆగేది కాదు. రక్తం తిరిగి ఒంట్లోకి వెళ్లే సిరవైపు ప్రెషర్ ఎక్కువైందని మెషిన్ అలారం కొడుతుంటే, నేను వెళ్లే సెంటర్లో ఆ మోత ఆపి, పంపు స్పీడు తగ్గించి, నాలుగు గంటలూ అయ్యాయనిపించి పంపేసేవాళ్లు. రెండు వారాలు ఇదే తంతు. చివరికి కొత్తగా చేరిన టెక్నీషియన్ పిల్లోడు చెయ్యి తడిమి, "అన్నా, పైన ఎక్కడో నరం సన్నబడింది, డాప్లర్ తీయించు, మూసుకుపోతే మళ్లీ మెడలో పైపే" అన్నాడు. ఆ పైపుతో నేను పడ్డ రెండు నెలలు గుర్తొచ్చి మర్నాడే డాప్లర్‌కి, అదే రక్తం పారే తీరు చూపించే అల్ట్రాసౌండ్ స్కాన్‌కి, పరిగెత్తాను.

నిజంగానే సూదులు గుచ్చే చోటికి కాస్త పైన సిర సన్నబడి ఉంది. బెలూన్‌తో వెడల్పు చేద్దామన్నారు. గుండెకి చేసినట్టు ఎక్స్‌రే, అందులో రక్తనాళాలు కనబడడానికి ఎక్కించే డై ఉంటాయేమోనని నా టెన్షన్. అవేమీ లేవు, అల్ట్రాసౌండ్‌లో చూస్తూనే చేసేశారు. నాకింకా రోజుకో గ్లాసు మూత్రం వస్తుంది, డై ఎక్కిస్తే అదీ పోతుందేమోనని డాక్టర్ జాగ్రత్త. సన్నబడింది ఛాతీ లోపలి సిర అయితే ఎముకలు అడ్డొచ్చి ఇందులో కనబడదట, అప్పుడు ఎక్స్‌రే గదికి పోవాల్సిందే.

చేతికి మత్తు సూది, చల్లటి జెల్. తెర మీద సిర నల్లటి గొట్టంలా, దాంట్లో తీగ తెల్లటి గీతలా పాకుతూ పోయింది. బెలూన్ ఉబ్బించగానే నడుం నొక్కుకుపోయి అచ్చం డమరుకంలా కనిపించింది. ఒత్తిడి పెంచేసరికి, అబ్బా, మత్తు గిత్తు ఏమీ పనిచేయలేదు, పళ్లు బిగబట్టాను. "ఇంకొక్క నిమిషం ఓర్చుకోండి" అంటున్నారు డాక్టర్. చూస్తుండగానే ఆ నొక్కు విప్పుకుని బెలూన్ నిండుగా సాగింది. తీశాక వేలు పెట్టి చూసుకున్నా. జుయ్యి!

తర్వాతి డయాలసిస్‌లో అలారం మోగలేదు. మళ్లీ సన్నబడొచ్చని ముందే చెప్పారు, మూడు నెలలకి డాప్లర్ రాసిచ్చారు. ఇప్పుడు పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిచ్చే ముందు మా ఆవిడే నా మణికట్టు పట్టుకుని చూస్తోంది. "ఆడుతోందిలే, తాగు" అంటుంది.