మధ్య పదాన్ని విడగొట్టడం నాకెలా పట్టుబడింది

పెళ్లయిన చాలా ఏళ్లకు ఓపెన్ స్కూల్లో పది కట్టాను. లెక్కల్లో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది వర్గ బహుపదుల కారణాంక విభజనే, అంటే ఎక్స్² ఉన్న లెక్కని రెండు బ్రాకెట్ల లబ్ధంగా రాయడం. ఎక్స్² + 5ఎక్స్ + 6 లాంటివి పర్వాలేదు. కూడితే 5, గుణిస్తే 6 వచ్చేవి 2, 3 అని చూడగానే తడుతుంది. ఎక్స్² ముందు ఇంకో అంకె వచ్చిందంటేనే టెన్షన్.

6ఎక్స్² + 7ఎక్స్ − 20 తీసుకోండి. 6ని −20తో గుణించి, లబ్ధం −120, మొత్తం 7 అయ్యే జత వెతకాలంటారు. అసలు ఆ రెండూ ఎందుకు గుణించాలి? కారణం తెలియనిదేదీ నాకు గుర్తుండదు. అందుకని జవాబు దగ్గర్నుంచి వెనక్కి వచ్చాను. (3ఎక్స్ − 4)(2ఎక్స్ + 5)ని ఓపిగ్గా గుణిస్తే మధ్యలో 15ఎక్స్, −8ఎక్స్ వచ్చాయి. 15 అంటే 3×5. −8 అంటే −4×2. మొదటి పదంలోని 6 ఏమో 3×2, చివరి −20 ఏమో −4×5. అటూ ఇటూ ఉన్నవి అవే నాలుగు సంఖ్యలు! ఇక ఏ జతగా గుణించినా −120 రాక ఎక్కడికి పోతుంది? అది కనబడ్డాక ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

జత వెతకడానికీ ఒక వరుస పెట్టుకున్నాను. లబ్ధం మైనస్ కాబట్టి ఒకటి ప్లస్, ఒకటి మైనస్. అంటే రెండింటికీ తేడా 7 ఉండాలి. 1–120, 2–60, 3–40, 4–30, 5–24, 6–20, 8–15... కిందికి దిగేకొద్దీ తేడా తగ్గుతూ వచ్చి, 8–15 దగ్గర 7 అవుతుంది. మధ్య పదం ప్లస్ కనుక పెద్దదానికి ప్లస్.

ఇక మధ్యలోని 7ఎక్స్‌ని విడగొడితే 6ఎక్స్² + 15ఎక్స్ − 8ఎక్స్ − 20. మొదటి రెండింట్లో 3ఎక్స్, తర్వాతి రెండింట్లో −4 ఉమ్మడిగా తీస్తే రెండు చోట్లా (2ఎక్స్ + 5) మిగులుతుంది. మైనస్ బయటికొస్తే లోపలి గుర్తు మారుతుంది, అక్కడ మాత్రం నిదానించాలి.

కొన్నిటికి ఎంత వెతికినా జత దొరకదు. ఎక్స్² + 5ఎక్స్ + 3కి విచక్షణి (మధ్య అంకె వర్గంలోంచి, మొదటి, చివరి అంకెల లబ్ధానికి నాలుగు రెట్లు తీసేస్తే వచ్చేది) 25 − 12 = 13, పరిపూర్ణ వర్గం కాదు. పూర్ణ సంఖ్యల్లో జత లేనట్టే. పై లెక్కకైతే 49 + 480 = 529, అంటే 23 వర్గం. అనుమానం వస్తే ముందు ఇదే చూసుకుంటాను.

ఇప్పుడు మా అమ్మాయి తొమ్మిదిలోకి వచ్చింది. దానికి ముందు కారణాంకాలు చెప్పలేదు. బ్రాకెట్లు ఇచ్చి గుణించమన్నాను, మధ్యలో వచ్చే రెండు పదాలనూ కలపకుండా అలాగే ఉంచమన్నాను.